గుర్రం అనుకుని ఎక్కే కంచరగాడిద

కేదారనాథ్ యాత్ర చేసి వచ్చిన మనవాళ్ళలో నడవలేని పెద్దవారు "గౌరీకుండ్ దగ్గర గుర్రం మాట్లాడుకుని ఎక్కాం" అని చెబుతుంటారు. వారు తెచ్చిన ఫొటోలను కాస్త నిదానంగా చూస్తే, వారిని మోసిన జంతువుల్లో చాలావి గుర్రాలు కావని తెలుస్తుంది. చెవులు గుర్రం చెవులకంటే బాగా పొడవు, జూలు పలచన, గిట్టలు సన్నగా నిటారుగా ఉంటాయి, తోక మొదట్లో పొట్టి వెంట్రుకలే ఉండి కిందికి పోయేకొద్దీ కుచ్చు ఒత్తవుతుంది. అరుపు వింటే ఇక సందేహమే ఉండదు, సకిలింపుగా మొదలై ఓండ్రగా ముగుస్తుంది. అక్కడివారు దాన్ని ఖచ్చర్ అంటారు, మన భాషలో అది కంచరగాడిద. ఏ పేరుతో పిలిస్తేనేం అనిపించవచ్చు గానీ, దాన్ని గుర్రమనుకుని వైద్యం చేయడం, గాడిదే కదా అని బాదడం, ఈ రెండు పొరపాట్లలోనే ఆ జంతువు పడే కష్టాల్లో చాలావాటికి మూలం ఉంది.

మగగాడిదకూ ఆడగుర్రానికీ పుట్టేది కంచరగాడిద. మగగుర్రానికీ ఆడగాడిదకూ పుట్టే సంకరం కూడా లేకపోలేదు గానీ అది అరుదు. గుర్రం కణంలో 64 క్రోమోజోములు, గాడిద కణంలో 62 ఉంటాయి కనుక వీటి సంతానానికి 63 వస్తాయి, ఆ క్రోమోజోములు సరిగా జతకట్టలేవు కనుక బీజకణాలు సాధారణంగా తయారుకావు. ఆడ కంచరగాడిద ఈనిన సందర్భాలు చరిత్రలో బహు అరుదు. మగదానికి సంతానయోగ్యత లేకపోయినా కామోద్రేకం మాత్రం పూర్తిగా ఉంటుంది, చిన్నప్పుడే వట్టలు తీయించకపోతే అది మనుషులకూ తోటి జంతువులకూ ప్రమాదకరంగా తయారవుతుంది. సంస్కృతంలో దీనికి అశ్వతరం, వేసరం అనే పేర్లున్నాయి. ఉత్తరాది నాగర శైలీ, దక్షిణాది ద్రావిడ శైలీ కలిసిన ఆలయ నిర్మాణ పద్ధతిని వేసర శైలి అనడం చదువరులకు తెలిసే ఉంటుంది. రెండు జాతుల కలయికను ఆ పేరు ఎంత గౌరవంగా చెబుతుందో, అదే జంతువు పేరును మనం తిట్టుగా వాడటం అంత అన్యాయంగా నాకు తోస్తుంది.

గుర్రానికీ కంచరగాడిదకూ ఉన్న అసలు తేడా భయపడినప్పుడు బయటపడుతుంది. గుర్రం పూర్వీకులు విశాలమైన గడ్డిమైదానాల్లో మందలుగా బతికాయి, అక్కడ ప్రమాదం కనబడగానే అందరితోపాటు పరుగు తీయడమే ప్రాణరక్షణ. గాడిద పూర్వీకులు ఈశాన్య ఆఫ్రికాలోని ఎండు భూముల్లో, రాళ్ళ కొండల్లో బతికాయి. మేత తక్కువైన చోట పెద్ద మందలు కుదరవు, రాళ్ళమీద ముందూవెనుకా చూడకుండా పరుగెత్తితే కాలు విరుగుతుంది. అందువల్ల గాడిద ముందు ఆగుతుంది, చూస్తుంది, తర్వాతే పారిపోవాలో ఎదురుతిరగాలో తేల్చుకుంటుంది. కంచరగాడిదకు తల్లి నుంచి శరీర పరిమాణం, వేగం, సాంగత్యప్రీతి వచ్చాయి, తండ్రి నుంచి ఈ ఆగి చూసే గుణం వచ్చింది.

కొండదారిలో వాన పడ్డాక తడిసిన చిన్న చెక్కవంతెన దగ్గర ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. కంచరగాడిద వంతెన అంచున ఆగిపోతుంది. రెండు చెవులూ ముందుకు నిక్కుతాయి, తల దాదాపు పలకలకు ఆనేంతగా వంగుతుంది, ముక్కుపుటాలు విప్పి వాసన చూస్తుంది. ఒక ముందుకాలు పలకమీద పెట్టి, బరువు పూర్తిగా మోపకుండా, వెనక్కి తీసుకుంటుంది. అలా రెండుమూడు సార్లు చేశాక, ఎవరూ అదిలించకపోతే, తనంతట తానే నడిచిపోతుంది. సరిగ్గా ఆ ఆగిన క్షణాల్లోనే వెనుకనున్నవాడి చేతికర్ర లేస్తుంది. గుర్రం దెబ్బకు జడిసి ముందుకు దూకవచ్చు గానీ, కంచరగాడిదకు అప్పుడు భయపడవలసినవి రెండవుతాయి, ముందున్న వంతెన, వెనకున్న మనిషి. అది మరింత బిగుసుకుపోతుంది, లేదా కాలు విసురుతుంది. వెనక్కే కాకుండా పక్కకు కూడా గురితప్పకుండా తన్నగలదు. దాన్ని మనం మొండితనం అంటున్నాం.

దాని తెలివి గురించి పెంపకందారులు చెప్పుకునే మాటలకు కొంత శాస్త్రీయ ఆధారం కూడా దొరికింది. బ్రిటన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదల ముందు రెండేసి బొమ్మలు ఉంచి, వాటిలో మేత దొరికే బొమ్మను గుర్తుపట్టడం నేర్పారు. తల్లిజాతికంటే, తండ్రిజాతికంటే కంచరగాడిదలే ఎక్కువ జతలు నేర్చుకున్నాయి. 2013లో వచ్చిన మరో అధ్యయనంలో 36 జంతువులను ఒక అడ్డుగోడ చివరనున్న సందు గుండా అవతలికి వెళ్ళనిచ్చి, తర్వాత ఆ సందును రెండో చివరకు మార్చారు. మార్చకముందు అందరికంటే త్వరగా దాటినవి కంచరగాడిదలే. మార్చాక గుర్రాలు పాత అలవాటు కొద్దీ మూసిన చివరకే వెళ్ళాయి, గాడిదలకూ కంచరగాడిదలకూ ఆ అలవాటు అంతగా అంటుకోలేదు. ఇంత తక్కువ జంతువులతో చేసిన పరీక్షలను బట్టి గొప్ప సిద్ధాంతాలు కట్టడం తగదు గానీ, ఒక సంగతి మాత్రం పెంపకందారులకు అనుభవంలో ఉన్నదే. బాగా నేర్చుకునే జంతువు పడిన దెబ్బను కూడా బాగానే నేర్చుకుంటుంది. చెవులు పట్టి మెలితిప్పి కళ్ళెం తొడిగిన చెయ్యిని కంచరగాడిద ఏళ్ళ తరబడి మరచిపోదు.

తోడు విషయంలో అది తల్లి బిడ్డే. ఆడగుర్రం పాలు తాగి, గుర్రాల మధ్య పెరిగినందువల్ల దానికి ఆడగుర్రం పక్కన ఉంటే మనసు కుదుటపడుతుంది. 1835లో ఆండీస్ పర్వతాలు దాటిన చార్లెస్ డార్విన్ వెంట పది కంచరగాడిదలూ, మెడలో చిన్న గంట కట్టిన ఒక ముసలి ఆడగుర్రమూ ఉన్నాయి. ఆ గుర్రాన్ని అక్కడ మద్రీనా అనేవారు, అంటే జ్ఞానమాత (గాడ్‌మదర్). కంచరగాడిదలన్నీ దాని గంట వింటూ వెంట నడిచేవి, రాత్రి మేతకు వదిలినా ఉదయం ఆ గుర్రం ఒక్కదాన్ని పట్టుకుంటే చాలు, మిగిలినవన్నీ తామే వచ్చేవి. పగ్గాలతో, కర్రలతో చేయవలసిన పనిని ఒక గంట చప్పుడుతో చేసుకున్న ఆ మనుషులకు ఈ జంతువు స్వభావం లోతుగా తెలుసు. తోడున్న జంతువును హఠాత్తుగా అమ్మేసి ఒంటరిగా కట్టేస్తే కంచరగాడిద మేత మానేసే ప్రమాదం ఉంది.

ఇక బాధ సంగతి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కడుపునొప్పి వచ్చిన గుర్రం నేలమీద పడి దొర్లుతుంది, కాళ్ళతో పొట్టను తన్నుకుంటుంది, చెమటలు కక్కుతుంది, చూసినవారికి వెంటనే తెలిసిపోతుంది. అదే నొప్పితో కంచరగాడిద, గాడిదలాగే, కొద్దిగా మందకొడిగా నిలబడి ఉంటుంది, మేత దగ్గర తల ఉంచి తిననట్టు తింటుంది, చెవులు పక్కలకు వాలుస్తుంది, అంతే. ఆ మాత్రమైనా కనబడేసరికి లోపల వ్యాధి ముదిరి ఉండవచ్చు. గుర్రం ముఖకవళికలను బట్టి నొప్పిని అంచనా వేసే కొలమానం 2014లో వచ్చింది, కానీ చెవులు, ముఖం తీరు వేరైన జంతువుకు దాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. మందులూ అంతే. జైలజీన్ వంటి మత్తుమందును గుర్రానికిచ్చే మోతాదులో ఇస్తే కంచరగాడిదకు సాధారణంగా చాలదు, దాదాపు సగం అదనంగా పట్టవచ్చు. ఆ సంగతి తెలియని చోట సగం మెలకువగా ఉన్న జంతువును నలుగురు అదిమిపట్టి గాయాలకు కుట్లు వేస్తారు. గ్లాండర్స్ అనే ప్రాణాంతక అంటువ్యాధి గుర్రంలో తరచుగా నెలల తరబడి నెమ్మదిగా సాగితే, కంచరగాడిదలోనూ గాడిదలోనూ తీవ్రరూపంలో వచ్చి కొద్ది రోజుల్లోనే చంపేయగలదు. అది మనుషులకూ సోకుతుంది.

శరీర నిర్మాణం కూడా వేరు. గుర్రానికి భుజాల మీద ఎత్తైన మూపురం వంటి భాగం ఉండి జీనును నిలబెడుతుంది. కంచరగాడిద వెన్ను తిన్నగా, ఆ భాగం పల్లంగా ఉండటంవల్ల దిగుడు దారిలో బరువు ముందుకు జారి మెడమీద పడుతుంది. అందుకే పిరుదుల చుట్టూ ఒక పట్టీ, తోక కింద ఒక పట్టీ కట్టాలి, అవి మెత్తగా, శుభ్రంగా ఉండాలి. నైలాన్ తాడుతో సరిపెట్టినప్పుడు తోక కింద చర్మం కోసుకుపోయి పుండు పడుతుంది. ఎక్కినవాడు ఆ పుండును చూడడు, జంతువు మూలిగి చెప్పదు.

మన చట్టం కూడా దాని బలాన్నే చూసింది. బరువులు మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నియమాల్లో పొట్టిగుర్రానికి 70 కిలోలు, కంచరగాడిదకు 200 కిలోలు గరిష్ఠ పరిమితి. కొండదారుల్లో కనిపించే కంచరగాడిదల్లో చాలావాటి బరువు 350 కిలోలకు మించదు, అంటే తన బరువులో సగానికి పైగా మోయించినా నియమం తప్పినట్టు కాదు. ఈ అంకెను తిరగరాయవలసిన అవసరం ఎంతో ఉంది. అయితే అవే నియమాలు రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదని, విశ్రాంతి లేకుండా ఏకబిగిన ఐదు గంటలు దాటరాదని కూడా చెబుతున్నాయి. 2019 పశుగణన నాటికి దేశంలో మిగిలిన కంచరగాడిదలు సుమారు 84 వేలు, ఏడేళ్ళలో సగానికి పైగా తగ్గాయి. ఉన్నవాటిలో చాలావి ఇటుక బట్టీల్లో, హిమాలయ యాత్రామార్గాల్లో పనిచేస్తున్నాయి.

గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు సుమారు 16 కిలోమీటర్ల దారి, దాదాపు 1,600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. 2025 మే నెలలో వరుసగా జంతువులు చనిపోతుంటే ఆ మార్గంలో గుర్రాలనూ కంచరగాడిదలనూ తాత్కాలికంగా ఆపవలసి వచ్చింది. ఎక్కేముందు జీను కింది గుడ్డ అంచు ఎత్తి చూడమని, తోక కింద పట్టీ చూడమని, నీళ్ళు ఎప్పుడు తాగించారో అడగమని వెళ్ళే ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపిస్తుంది. దారిలో లించోలీ దగ్గర బరువు దించిన కంచరగాడిదల్లో ఒకటి మిగిలినవాటికి కాస్త ఎడంగా, ముందు పోసిన శనగలు ముట్టకుండా, చెవులు పక్కలకు వాల్చి కదలకుండా నిలబడి ఉండవచ్చు. పక్కనుంచి వెళ్ళేవారు అది అలసి కునుకు తీస్తోందనుకుంటారు.