చూరు కింద కనకాంబరాలు

పిల్లలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు "మామ్మా, వాకిలంతా టైల్స్ వేయించేస్తే బురద ఉండదు కదా" అన్నారు. అరిసెల హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మన విజయనగరంలో మనింటి చుట్టూ ఉన్నది ఎర్ర మట్టి. మీరు పుట్టకముందు మన గోడకు మోకాలెత్తు దాకా ఎప్పుడూ ఎర్ర మరకలే. పండక్కి సున్నం వేయిస్తే మొదటి వానకే పాడైపోయేది. ఓసారి వాన పడుతుంటే గుమ్మంలో కూర్చుని చూశాను. చూరు నుంచి పడే ప్రతి బొట్టూ నేలకు గుంట పెట్టి మట్టిని గోడ మీదికి చిమ్ముతోంది. మిగిలిన మట్టి నీళ్లతో కలిసి వీధి కాలవలోకి పోతోంది. టైల్స్ వేస్తే మట్టి చిందదు, నిజమే. కానీ నీళ్లు కూడా ఇంకవు. మన నుయ్యికి నీరు రావాలంటే అవి ఇంకాల్సిందే కదా!

మామిడి చెట్టు నీడకి గడ్డి బతకలేదు. అప్పుడు కనకాంబరం నాటాను. అది మన దక్షిణాది నేలలో సహజంగా పెరిగే మొక్క. మోకాలు దాటి పెద్దగా ఎదగదు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, సగం నీడ దానికి ఇష్టం. నేలంతా కప్పాలి కాబట్టి అడుగుకొకటి చొప్పున తొలకరిలో పెట్టాను. రెండేళ్లకు ఆకులు కలిసిపోయి మట్టి కనబడలేదు. బొట్లు ఆకు మీద పడి మెల్లగా జారి దిగుతున్నాయి. గోడ తెల్లగానే ఉంది, మీరూ చూశారుగా.

దీనికి పడనిది నిలవ నీరు. ఒక ఏడు చూరు వారనున్న వరసంతా రెండు రోజుల్లో వాడిపోయింది. పీకి చూస్తే వేర్లు కుళ్లిపోయాయి. తర్వాత అక్కడ మట్టి జానెడు ఎత్తు చేసి నాటాను, బతికాయి. వేర్లకు బుడిపెలు కనబడితే అది నులిపురుగు పని. దానికి వేపపిండి వేసి, మధ్యలో బంతి మొక్కలు పెడతాను. మొక్క ముదిరి కర్రబారితే కొమ్మలు కత్తిరిస్తాను, మళ్లీ చిగురు గుబురుగా వస్తుంది.

పూలు కోసేటప్పుడు కంకిని దగ్గరగా చూడండి. గోధుమ కంకిలా ఆకుపచ్చ పొలుసులు, వాటి మధ్య నుంచి సన్నటి గొట్టం, చివర ఒక పక్కకే విచ్చుకున్న రేకులు. పూలు కింది నుంచి పైకి వరసగా విచ్చుతాయి. వాసన ఉండదు కానీ మల్లెల్లో కలిపి కడితే జడకి ఎంత నిండుగా ఉంటుందో!

ఎండిన కంకిని మాత్రం తుంచి పారేయకండి. అందులోని కాయని నీళ్లలో వేస్తే కాసేపటికి టప్‌మని పగిలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. తల్లి మొక్క నీడలోనే పడకుండా, సరిగ్గా వాన పడ్డప్పుడే విత్తుకోవడానికి అది చేసుకున్న ఏర్పాటు. ఢిల్లీ కనకాంబరం అని ముదురు నారింజ రంగుది ఒకటుంది. దానికి గింజ కట్టదు, కొమ్మ నాటాల్సిందే. మన వాకిట్లోది గింజ రకం.

పాత కంకులు కోసి డబ్బాలో దాచాను. సెలవులకు వచ్చేటప్పుడు పాత బట్టలు తెచ్చుకోండి. పెరటి వైపు ఇంకా ఖాళీగా ఉంది.

మీ మామ్మ