నోట్లో బెల్లం పెట్టుకున్న పిల్ల

మొన్న కావలిలో మా ఇంటి పెళ్లి. ఒకవైపు మేళం, ఇంకోవైపు డీజే. పన్నెండేళ్ల మా మేనకోడలు భోజనం కాగానే మేడమీదికెళ్లి కూర్చుంది. "ఏం అమ్మణ్ణీ, నోట్లో బెల్లం పెట్టుకున్నావా? నలుగురిలో కలవకపోతే రేపు ఎట్టా బతుకుతావు?" అని వాళ్ల పెద్దమ్మ కసిరింది. పిల్ల తలొంచుకుంది. చూస్తుంటే నా ప్రాణం చివుక్కుమంది.

1984లో రస్సెల్ గీన్ అనే సైకాలజిస్టు అంతర్ముఖులకూ (హడావుడి తక్కువుంటే హాయిగా ఉండేవాళ్లు), బహిర్ముఖులకూ (నలుగురి సందడిలో ఉత్సాహపడేవాళ్లు) ఒక పదాల ఆట పెట్టాడు. పదాల వెనకున్న నియమాన్ని పట్టుకోవాలి. ఆడినంతసేపూ హెడ్‌ఫోన్లలో చప్పుడు వస్తుంటుంది, అది ఎంతుండాలో వాళ్లే పెట్టుకోవచ్చు. బహిర్ముఖులు సగటున 72 డెసిబెల్స్ పెట్టుకుంటే, అంతర్ముఖులు 55 చాలన్నారు. ఎవరికి నచ్చిన చప్పుడులో వాళ్లు ఆడినప్పుడు ఇద్దరూ ఇంచుమించు సమానమే. ఒకరి చప్పుడు ఇంకొకరికి పెట్టేసరికి అంతర్ముఖులకు 5.8 ప్రయత్నాల్లో అయ్యే పనికి 9.1 పట్టాయి. 55లో బహిర్ముఖులకూ ఆట కష్టమైంది. మా పిల్ల కూడా మేడెక్కి తన 55 వెతుక్కుంది, అంతే.

ఎందుకిలా? మనల్ని మెలకువగా ఉంచే నరాల అల్లిక ఒకటి మెదడు కాండంలో ఉంది. అంతర్ముఖుల్లో అది మామూలుగానే ఎక్కువ చురుగ్గా ఉంటుందని 1967లో హాన్స్ ఐసెంక్ అనే సైకాలజిస్టు ప్రతిపాదించాడు. నాలుక మీద నిమ్మరసం చుక్క వేస్తే వాళ్లకు లాలాజలం ఎక్కువ ఊరడం అప్పటికే చూశారు. ఇప్పుడు డోపమైన్ అనే మెదడు రసాయనం పాత్ర గురించి కూడా పరిశోధిస్తున్నారు, కాబట్టి ఐసెంక్ మాటే ఆఖరుది కాదు. అయితే బిడియం వేరు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం అది. మా పిల్లకు ఆ భయం లేదు, స్కూల్లో అడిగితే చక్కగా మాట్లాడుతుంది. ఇంట్లో ఈ తేడా ఎవరూ గమనించకపోవడమే నా బాధ.

సంక్రాంతి సెలవులకు మా పిల్ల కొత్తపట్నంలో మా తమ్ముడి రొయ్యల చెరువుల దగ్గరికి వచ్చింది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్ ఒక్కటి ఆగినా టెన్షనే. వాడూ పెద్దగా మాట్లాడడు. ఇద్దరూ గట్టు మీద గంటసేపు ఊరికే కూర్చున్నారు.

"మామయ్యా, ఆ చివరిదాని చప్పుడు మారింది" అంది.

వాడు టార్చి తీసుకుని వెళ్లాడు. ఏరేటర్ రెక్కకు నాచు చుట్టుకుని ఉంది.