వీలునామాలో విదేశీ హాస్పిస్‌కి వాటా: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో రిజిస్టరైన ఒక చిన్న ఛారిటీలో వీలునామా విరాళాలు చూసుకునే పని నాది. మేం డబ్బు పంపేది, నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే ఆఫ్రికాలోని హాస్పిస్‌లకి. నేను ఎక్కువగా మాట్లాడేది ఏళ్ల తరబడి నెలకి ఐదో పదో పౌండ్లు పంపిస్తున్న పెద్దవాళ్లతో. వాళ్ల మనసు గురించి నాకెప్పుడూ అనుమానం లేదు. చిక్కంతా వీలునామాలో రాసే ఆ ఒక్క వాక్యం దగ్గరే.

అపోహ: ఇది బాగా ఆస్తిపాస్తులున్నవాళ్ల వ్యవహారం.

పోలండ్ నుంచి వచ్చిన యూదు శరణార్థి డేవిడ్ టాస్మా లండన్‌లో వెయిటర్‌గా పనిచేసేవాడు. 1948లో క్యాన్సర్‌తో చనిపోయాడు. పోతూ పోతూ తనకి తోడున్న ఆసుపత్రి సోషల్ వర్కర్ సిసిలీ సాండర్స్‌కి 500 పౌండ్లు వదిలిపెట్టాడు, నువ్వు కట్టే ఇంట్లో నేనొక కిటికీనవుతానన్నాడు. ఆమె తలపెట్టిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరుచుకునేసరికి 1967 వచ్చింది. ఆధునిక హాస్పిస్‌ల కథ మొదలైందే ఒక వెయిటర్ వదిలివెళ్లిన డబ్బుతో.

అపోహ: ఛారిటీకి రాస్తే పిల్లలకి అన్యాయం చేసినట్టే.

పిల్లల వాటా ముందు రాయండి. అప్పులు, ఖర్చులు, వాళ్ల వాటాలు పోగా మిగిలినదాంట్లో నూటికి ఐదో పదో వంతులు ఛారిటీకి రాయొచ్చు. నా మటుకు నేను ఈ పద్ధతే చెప్తాను. ఇంత మొత్తం అని అంకె వేస్తే ఇరవై ఏళ్లలో ధరలు పెరిగి దాని విలువ కరిగిపోతుంది. వంతు అయితే ఆస్తితో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది.

రాసిన సంగతి పిల్లలకి బతికుండగానే చెప్పడం ఇంకా ముఖ్యం. ఇంగ్లండ్‌లో ఒక తల్లి, కూతురితో మాటల్లేక, ఆస్తిలో చాలా భాగం జంతువుల ఛారిటీలకి రాసి 2004లో చనిపోయింది. కూతురు కోర్టుకెక్కింది. ఆమెకి 50,000 పౌండ్లని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2017 అయింది. అలాంటి డబ్బు కోసం ఏ ఛారిటీ ఎదురుచూడాలనుకోదు. స్కాట్లండ్‌లో అయితే పిల్లలకి కొంత హక్కు చట్టమే ఇస్తుంది, అక్కడి లాయర్‌నే అడగండి.

అపోహ: నేరుగా ఆ దేశంలోని హాస్పిస్ పేరే రాస్తే మధ్యలో ఎవరూ తినరు.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఆస్తి 325,000 పౌండ్లు దాటితే, మామూలుగా ఆ పైన ఉన్నదాని మీద 40 శాతం వారసత్వ పన్ను పడుతుంది. ఛారిటీకి రాసినదానికి పన్ను లేదు, కానీ 2024 ఏప్రిల్ నుంచి ఆ మినహాయింపు బ్రిటన్ ఛారిటీలకే. పరిమితి దాటిన ఆస్తిలోంచి 10,000 పౌండ్లు నేరుగా విదేశీ హాస్పిస్‌కి రాస్తే దాని మీద 4,000 పన్ను. వీలునామాలో వేరేగా రాయకపోతే అది తరచు మిగతా వారసుల వాటాలోంచే పోతుంది. అదే డబ్బు ఆ హాస్పిస్‌కి పంపే బ్రిటన్ ఛారిటీకి రాస్తే పన్ను లేదు. పన్ను లెక్కకొచ్చే ఆస్తిలో పదోవంతైనా ఛారిటీలకి వెళ్తే మిగిలినదాని మీద పన్ను 36 శాతానికి తగ్గుతుంది కూడా.

ఒకసారి మాకొచ్చిన వీలునామా కాపీలో “ఉగాండాలోని హాస్పిస్‌కి” అని మాత్రమే ఉంది. ఏ హాస్పిస్? ఆవిడ మేనల్లుడు బిస్కెట్ల డబ్బాలోంచి పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు వెతికి తీస్తే, వాటిలో నెలనెలా మా పేరు కనిపించింది. ఆ డబ్బా దొరక్కపోతే ఏమయ్యేదో! పేరుతో పాటు ఛారిటీ రిజిస్ట్రేషన్ నంబర్ రాయండి. పేర్లు మారతాయి, సంస్థలు కలిసిపోతాయి, కాబట్టి అప్పుడు డబ్బు ఎటు వెళ్లాలో చెప్పే మాట కూడా వీలునామాలు రాసే లాయరైన సొలిసిటర్‌తో రాయించండి.

అపోహ: “మార్ఫిన్‌కే వాడాలి” అని గట్టిగా రాయకపోతే దారి మళ్లుతుంది.

డాక్టర్ ఆన్ మెర్రిమన్ 1993లో కంపాలాలో హాస్పిస్ ఆఫ్రికా ఉగాండా మొదలుపెట్టారు. అక్కడ నొప్పి తగ్గించే మార్ఫిన్ పొడిని నీళ్లలో కలిపి, ఎంత ఘాటో తెలిసేలా రంగు వేసి సీసాల్లో పోస్తారు. ఇంట్లోనే తాగే మందు, రోగికి ఉచితం. కానీ ఖర్చంతా మందుది కాదు. ఊరి చివర ఇంటిదాకా నర్సు వెళ్లాలంటే బండి కావాలి, పెట్రోలు కావాలి, ఆ నర్సుకి జీతం, శిక్షణ కావాలి. మార్ఫిన్‌కే అని కట్టేస్తే మందు నిండుగా ఉండి బండి కదలని రోజు ఆ డబ్బు ముట్టుకోలేం. “వీలైతే దీనికి వాడండి” అని కోరికగా రాస్తే చాలు. మేం దాన్ని పక్కన పడేయం.

అపోహ: ఒకసారి రాస్తే ఇక మార్చలేం.

బుద్ధి స్థిమితంగా ఉన్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో మళ్లీ పెళ్లి చేసుకుంటే మాత్రం పాత వీలునామా మామూలుగా దానంతటదే రద్దవుతుంది. అరవై దాటాక పెళ్లి చేసుకున్నవాళ్లు ఇది విని నోరెళ్లబెడతారు.

అపోహ: ఛారిటీకి చెప్తే వెంటపడతారు.

చెప్పాలన్న రూలేం లేదు. చెప్పినా కట్టుబడాల్సిన పని లేదు. ఎంత రాశారని నేను అడగను, ఉత్తరాలు వద్దంటే ఆపేస్తాం. చెప్పినవాళ్లకి మాత్రం, నర్సులు ఆ నెల ఎక్కడెక్కడికి వెళ్లొచ్చారో ఫోన్‌లో చెప్తుంటాను. చెప్పకుండా వెళ్లిపోయినవాళ్ల పేరు మీద మా కృతజ్ఞతల ఉత్తరం సొలిసిటర్ ఆఫీసుకి పోతుంది.