ఈ-పుస్తకాలు: తెర సైజు, రంగుల గురించి కొన్ని అపోహలు

ఈ-పుస్తకాలు తయారు చేయడం నా పని. రాతప్రతి చేతికి రాగానే దాన్ని ఏ సైజు తెర మీద చదువుతారని ముందు అడుగుతాను.

అపోహ: పీడీఎఫ్ చేసేస్తే ఈ-పుస్తకం సిద్ధమైనట్టే.

వాస్తవం: 1993లో పీడీఎఫ్ వచ్చిందే ఎక్కడ తెరిచినా, ఎక్కడ అచ్చు వేసినా పేజీ చెక్కుచెదరకూడదని. అచ్చుకు అది వరం. ఫోన్‌లో అదే ఇబ్బంది. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఫోన్ తెర వెడల్పు దాదాపు 70. అంటే 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లకు కుంచించుకుపోతుంది. ఇక ఒత్తులేం కనిపిస్తాయి? పెద్దది చేస్తే పంక్తి తెర దాటిపోతుంది, ప్రతి పంక్తికీ పేజీని అటూ ఇటూ జరుపుతూ కూర్చోవాలి. ఈపబ్ అనే ఈ-పుస్తక ఫైల్ రకంలో అక్షరం పెంచగానే పంక్తులు తెర వెడల్పుకు వాటంతటవే సర్దుకుంటాయి. నవలైనా వ్యాసాలైనా ఈపబ్ కోసమే పట్టుబడతాను.

అపోహ: అయితే అన్నిటికీ ఇలా పంక్తులు సర్దుకునే ఈపబ్ చాలు.

వాస్తవం: బొమ్మల కథలో మాట బొమ్మను వదిలి జరిగితే కథే పోతుంది. దానికి స్థిరమైన పేజీయే కావాలి, చదవడానికి పెద్ద తెర కావాలి. ఎక్కువ నిలువు వరసలున్న పట్టికను మాత్రం రెండు ముక్కలు చేస్తాను.

అపోహ: రంగుల సంగతి తెరే చూసుకుంటుంది.

వాస్తవం: ఈ-పుస్తకాలు చదివే పరికరాల్లో ఉండే, కాగితంలా కనిపించే నలుపు-తెలుపు ఈ-ఇంక్ తెరలు సాధారణంగా చూపేది 16 బూడిద ఛాయలే. గ్రాఫ్‌లో ఎరుపు గీత, ఆకుపచ్చ గీత అక్కడ ఒకేలా కనబడవచ్చు. రంగులు పోల్చుకోలేని పాఠకులకూ ఇదే కష్టం. అందుకే ఒకదాన్ని చుక్కల గీతగా మార్చి, పక్కనే పేరు రాస్తాను. రంగుల ఈ-ఇంక్ వచ్చింది కదా అంటారు. కెలీడో 3 అనే రంగుల ఈ-ఇంక్ తెరలో నలుపు-తెలుపు అంగుళానికి 300 పిక్సెళ్లు, రంగు 150 మాత్రమే. తెర మీది రంగుల జల్లెడ (ఫిల్టర్) వెలుతురును కొంత మింగేస్తుంది కాబట్టి బొమ్మ వెలిసినట్టుంటుంది.

అపోహ: నల్లటి నేపథ్యం అందరి కళ్లకూ హాయి.

వాస్తవం: చీకటి గదిలో చాలామందికి హాయే. ఆస్టిగ్మాటిజం అనే దృష్టి లోపం ఉన్న కొందరికి మాత్రం నలుపు మీద తెల్లక్షరం అంచులు చెదిరినట్టు కనిపిస్తుంది. ఎంపిక పాఠకుడిదే కావాలి. కొందరు తయారీదారులు ఫైల్లోనే అక్షరానికి నలుపు రంగు బిగించేస్తారు. పాఠకుడు రాత్రి మోడ్ పెట్టగానే నలుపులో నలుపు కలిసి అక్షరాలు మాయం! ఇది చూసిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ ఒక్క పంక్తి కోడ్ తీసేస్తే సరిపోయేది.

మీ పుస్తకం విడుదల చేసే ముందు ఫోన్‌ను గ్రేస్కేల్‌లో (రంగులు లేకుండా) పెట్టి, అక్షరం సైజు పూర్తిగా పెంచి, రాత్రి మోడ్‌లో ఒక అధ్యాయం చదవండి.