సర్వర్లు చవకయ్యాయి సరే, మరి స్టార్టప్‌లకి అంత డబ్బెందుకు?

ఏఐ కంపెనీల్లోకి వందల కోట్ల డాలర్లు పోతుంటే చాలామంది నోరెళ్లబెడుతున్నారు గానీ, వెంచర్ క్యాపిటల్ (వాటా తీసుకుని కొత్త కంపెనీల్లో పెట్టే రిస్కు పెట్టుబడి) మొదలైందే ఖరీదైన మెషీన్ల మీద, సాఫ్ట్‌వేర్ మీద కాదు. 1957లో జార్జెస్ డోరియో నడిపే ఏఆర్‌డీ అనే అమెరికన్ సంస్థ డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కొత్త కంప్యూటర్ కంపెనీలో 70 వేల డాలర్లు పెట్టి ఏకంగా 70 శాతం వాటా తీసుకుంది (ఇవాళ ఏ ఫౌండరైనా ఆ డీల్‌కి సంతకం పెడతాడా?), ఆ వాటా విలువ తర్వాత వందల మిలియన్లకి చేరింది. 1968లో చిప్పుల కంపెనీ ఇంటెల్ కోసం ఆర్థర్ రాక్ అనే ఇన్వెస్టర్ 25 లక్షల డాలర్లు పోగుచేసిందీ చిప్పుల కోసమే, అక్కడ ఫ్యాక్టరీ లేనిదే సరుకు లేదు. 1979లో అమెరికా ప్రభుత్వం పెన్షన్ ఫండ్ల రూల్స్ సడలించాక అసలు పెద్ద డబ్బు ఇటు రావడం మొదలైంది.

సాఫ్ట్‌వేర్ వచ్చాక లెక్క మారింది. మొదటి కాపీ తయారు చేయడానికే ఖర్చంతా, రెండోదానికి దాదాపు సున్నా. ఫండ్‌లో ఎక్కువ కంపెనీలు పోయినా ఒక్కటి సూపర్ హిట్టయితే మిగతావాటి నష్టమంతా పూడుతుంది అనే వీసీల (వెంచర్ క్యాపిటల్ పెట్టేవాళ్ల) పద్ధతికి ఇంతకంటే సరిపోయే సరుకు లేదు. ఆ సంగతి 1995 ఆగస్టు 9న వెబ్ బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ ఐపీఓతో (షేర్లు మొదటిసారి జనానికి అమ్మడంతో) లోకానికి తెలిసొచ్చింది. కంపెనీ పెట్టి ఏడాదిన్నర కూడా కాలేదు, లాభాల్లేవు, అయినా 28 డాలర్లకి ఇచ్చిన షేరు మొదటి రోజే 58 దాటి క్లోజైంది. లాభం తర్వాత చూసుకోవచ్చు, ముందు యూజర్లని పట్టు అనే మాటకి అక్కడి నుంచే బలం వచ్చింది.

అయితే అప్పట్లో వెబ్‌సైట్ పెట్టడం కూడా చవకేం కాదు. సన్ కంపెనీ సర్వర్లు కొనాలి, ఒరాకిల్ డేటాబేస్ లైసెన్స్ కట్టాలి, డేటా సెంటర్‌లో ర్యాక్ అద్దెకి తీసుకోవాలి, రాత్రి సర్వర్ పడిపోతే లేపడానికి ఓ మనిషిని పెట్టుకోవాలి, పైగా ట్రాఫిక్ ఎంతొస్తుందో తెలీదు కాబట్టి ఎందుకైనా మంచిదని ముందే ఎక్కువ కొనేవాళ్లు, అంటే ఐడియా పనిచేస్తుందో లేదో తేలకముందే మిలియన్లు ఖర్చయిపోయేవి. పెంపుడు జంతువుల సరుకులు ఆన్‌లైన్లో అమ్మే పెట్స్.కామ్ 2000 ఫిబ్రవరిలో ఐపీఓకి వచ్చి అదే ఏడాది నవంబర్లో మూతపడింది. ఆ ఏడాది మార్చిలో 5,000 దాటిన నాస్‌డాక్ (టెక్ షేర్లు ఎక్కువుండే అమెరికా సూచీ) 2002 అక్టోబర్ నాటికి 1,100 దగ్గరికి పడిపోయింది.

విచిత్రమేంటంటే అసలు మార్పు ఆ శిథిలాల మధ్యే వచ్చింది. వెబ్‌సైట్ నడపడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ లైనక్స్, అపాచీ, మైసీక్వెల్, పీహెచ్‌పీ, అన్నీ ఫ్రీ. 2006లో అమెజాన్ ఈసీ2 అనే క్లౌడ్ సర్వీస్ తెచ్చి సర్వర్‌ని గంటకి 10 సెంట్లకి అద్దెకిచ్చింది, వద్దనుకుంటే ఆపేయొచ్చు. అంతకుముందు ఏడాదే మొదలైన వై కాంబినేటర్ అనే స్టార్టప్ ట్రెయినింగ్ సంస్థ కొన్ని వేల డాలర్లు చేతిలో పెట్టి మూడు నెలల్లో ఏదో ఒకటి కట్టి చూపించమనేది. వీసీ గుమ్మం ఎక్కకముందే ప్రోడక్ట్ రెడీగా ఉండటంతో ఫౌండర్ బేరమాడే స్థితికి వచ్చాడు, నా దృష్టిలో మొత్తం చరిత్రలో పెద్ద మలుపు ఇదే. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ని 1,900 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించినప్పుడు అక్కడ పనిచేసేది ఓ 55 మంది, వాడేవాళ్లు 45 కోట్లు.

మరి ఖర్చు తగ్గితే ఫండ్లు చిన్నవవ్వాలి కదా? అవ్వలేదు. కట్టడం అందరికీ ఈజీ అయిపోయేసరికి అదే యాప్ ఇంకో పది మంది కడతారు, దాంతో సర్వర్లకి మిగిలిన డబ్బు యాడ్లకీ డిస్కౌంట్లకీ పోయింది. 2008 తర్వాత వడ్డీలు సున్నా దగ్గరే ఉండటం దీనికి తోడైంది, బ్యాంకులో పెడితే ఏమీ రాని డబ్బు స్టార్టప్‌ల వైపు తిరిగింది. 2017లో సాఫ్ట్‌బ్యాంక్ విజన్ ఫండ్ దాదాపు 10,000 కోట్ల డాలర్లతో వచ్చింది, అందులోంచి డబ్బు తీసుకున్న, ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే వీవర్క్ 2019లో ఐపీఓ పేపర్లు ఫైల్ చేసి వెనక్కి తీసుకుంది. 2022లో వడ్డీలు పెరిగాక చెక్కులు బాగా తగ్గాయి.

ఆ ఏడాది చివర్లోనే చాట్‌జీపీటీ వచ్చింది, మళ్లీ మెషీన్ల కాలం మొదలైంది. పెద్ద మోడల్ ట్రెయిన్ చేయాలంటే వేల జీపీయూలు (ఏఐ లెక్కలు చేసే ఖరీదైన చిప్పులు) ముందే కావాలి, గంటకి 10 సెంట్ల ముచ్చట ఇక్కడ నడవదు. అందుకే మామూలు వీసీలని దాటి క్లౌడ్ కంపెనీలే ఇన్వెస్టర్లుగా దిగాయి. మైక్రోసాఫ్ట్ 2019లోనే చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐకి 100 కోట్ల డాలర్లు ప్రకటించింది, ట్రెయినింగ్ తన అజూర్ క్లౌడ్ మీదే జరగాలన్న ఒప్పందంతో, అంటే పెట్టుబడిగా వెళ్లిన డబ్బులో కొంత క్లౌడ్ బిల్లుగా దాని దగ్గరికే వస్తుందన్నమాట.