నూటికి ఒకటిన్నర మంది, మా మేనకోడలు

పోయిన దసరా తర్వాతి మంగళవారం, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికని చుట్టాలందరం విజయనగరంలో అమ్మ దగ్గర చేరాం. ఇల్లంతా జనం, వరండాలో పిల్లల గోల, హాల్లో బావగార్ల రాజకీయాలు. మా చెల్లి కూతురు ఒక గంటసేపు బానే అందరితో కూర్చుంది, నవ్వింది, కాఫీలు ఇచ్చింది, ఆ తర్వాత చూస్తే లేదు. వెనక గదిలో బియ్యం డ్రమ్ము పక్కన చాప మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది. అమ్మ తొంగి చూసి, "ఏటే గుంటా, అందరూ అక్కడుంటే ఇక్కడేటి సేస్తన్నావు, దీనికి చిన్నప్పుడు వస సరిగ్గా పోసినట్టు లేదు" అనుకుంటూ వెళ్ళిపోయింది.

అది నాకు ఫోన్ చూపించి, "చూడు మావయ్యా, నా పర్సనాలిటీ టైప్ ఐఎన్ఎఫ్‌జే అంట, ప్రపంచంలో నూటికి ఒకటిన్నర మందే ఉంటారంట" అంది. ఆ చెప్పడంలో కొంచెం సంతోషం ఉంది, కొంచెం ఊరట కూడా ఉంది, ఎందుకంటే అంతకు రెండు నెలల ముందే క్యాంపస్ ఇంటర్వ్యూలో గ్రూప్ డిస్కషన్ దగ్గర దీన్ని తీసేశారు, కమ్యూనికేషన్ స్కిల్స్ లేవన్నారు. రాత పరీక్షలో మంచి మార్కులొచ్చిన పిల్ల. లోపం అనుకున్నది కాస్తా అరుదైన గుణం అని తేలితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది కదా. అందుకే ఆ ఒకటిన్నర సంగతేంటో చూడాలనిపించి కూర్చుని చదివాను.

ముందు ఈ అక్షరాల పుట్టుక చెప్పాలి. 1921లో స్విట్జర్లాండ్ డాక్టర్ కార్ల్ యుంగ్ మనుషుల్లో లోపలికి చూసేవాళ్ళు, బయటికి చూసేవాళ్ళు అని రెండు పోకడలున్నాయని రాశాడు. అది చదివిన ఇద్దరు అమెరికా ఆడవాళ్ళు, క్యాథరీన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మయర్స్, దాన్నొక ప్రశ్నాపత్రంగా మార్చారు. ఇద్దరిలో ఎవరూ సైకాలజీ చదువుకున్నవాళ్ళు కాదు. ఎంబీటీఐ అంటే ఇదే. నాలుగు జంటలు: లోపలికి చూసేవాళ్ళు ఐ, బయటికి చూసేవాళ్ళు ఈ; పైకి కనబడేదాన్ని పట్టుకునేవాళ్ళు ఎస్, వెనకున్న అర్థం వెతికేవాళ్ళు ఎన్; బుర్రతో తేల్చుకునేవాళ్ళు టీ, మనసుతో తేల్చుకునేవాళ్ళు ఎఫ్; ముందే ప్లాన్ చేసుకునేవాళ్ళు జే, ఎలా వస్తే అలా పోనిచ్చేవాళ్ళు పీ. ఒక్కో జంటలో ఏదో ఒక అక్షరం మనకి తగులుతుంది, మొత్తం 16 టైపులు. జనం సమానంగా పంచుకుంటే ఒక్కో టైపుకి 6.25 శాతం రావాలి. కానీ 1998లో అచ్చయిన అమెరికా జాతీయ నమూనాలో ఐఎన్ఎఫ్‌జే 1.5 శాతమే, ఐఎన్‌టీజే 2.1 శాతం. అదే నమూనాలో మొత్తం ఇంట్రోవర్ట్‌లు (అంటే ఐ ఉన్నవాళ్ళు) ఎంతమందో తెలుసా, 50.7 శాతం. సగం పైన! అంటే మనం తక్కువ మంది అనుకునే నెమ్మదస్తులు అక్కడ తక్కువ కానే కాదు, ఆ మిగతా మూడు అక్షరాలు తోడయ్యేసరికి గది ఇరుకైపోయింది అంతే.

ఇక్కడ నాకు ఒక లెక్క భలే ఆసక్తిగా అనిపించింది. ఆ నమూనాలో ఐ, ఎన్, ఎఫ్, జే అనే నాలుగు అక్షరాల శాతాలు, 50.7, 26.7, 59.8, 54.1, ఒకదాంతో ఒకటి గుణించి చూశాను, 4.4 శాతం వచ్చింది. కానీ అసలు నమూనాలో 1.5. ఆ తేడా ఎలా వచ్చింది అంటే ఆ అక్షరాలు ఒకదానికొకటి సంబంధం లేని నాణేలు కావు. పైకి కనబడేదానికన్నా వెనకున్న అర్థం వెతికేవాళ్ళు ఎక్కువగా పనులు ముందే ప్లాన్ చేసుకోరు, ఎలా వస్తే అలా పోనిస్తారు, అందుకని 'ఎన్' ఉన్నచోట 'పీ' ఎక్కువ తగులుతుంది, 'జే' తగ్గిపోతుంది. అలా కలవని రెండు అక్షరాలు ఒకే పేరులో పడ్డ టైపు అరుదవుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు గీత దగ్గర ఉంది. ఎత్తు కొలిచినట్టే అనుకోండి. ఊళ్ళో ఎక్కువమంది మధ్యస్థంగా ఉంటారు, బాగా పొడుగు బాగా పొట్టి చివర్లలో కొద్దిమందే. ఇంట్రోవర్షన్ కూడా అంతే, కొలిస్తే జనం రెండు గుంపులుగా విడిపోరు, మధ్యలోనే కుప్పపడతారు. ఆ కుప్ప నడుమ గీత గీసి ఇటు ఐ, అటు ఈ అంటే, గీతకి ఇవతల అంగుళం దూరంలో ఉన్నోడికి, అవతల అంగుళం దూరంలో ఉన్నోడికి పేర్లు వేరైపోతాయి గానీ మనుషులు దాదాపు ఒకటే. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే చాలామందికి అక్షరం మారిపోతుంది. నేను నమ్మకం కుదరక సంక్రాంతికి మా మేనకోడలిని మళ్ళీ రాయమన్నాను. ఈసారి ఐఎస్ఎఫ్‌జే వచ్చింది. మూడు నాలుగు ప్రశ్నలకి జవాబు కాస్త అటు ఇటు అయ్యుంటుంది, ఒక్క అక్షరం మారింది, కానీ ఆ అమెరికా నమూనాలో ఐఎస్ఎఫ్‌జే 13.8 శాతం, 16 టైపుల్లోనూ అదే ఎక్కువ! అక్టోబర్‌లో అన్నిటికన్నా అరుదు, జనవరిలో అన్నిటికన్నా మామూలు, మధ్యలో పిల్ల మాత్రం అదే పిల్ల.

ఇంక దేశాల మాటకొద్దాం. ఫలానా దేశంలో ఇంట్రోవర్ట్‌లు ఎక్కువ, ఫలానా చోట తక్కువ అని బోలెడు పట్టికలు కనబడతాయి. వాటిని నమ్మేముందు ఒకటి ఆలోచించాలి, "మీరు ఎక్కువగా మాట్లాడతారా" అని అడిగితే మనం ఎవరితో పోల్చుకుని చెప్తాం? మన చుట్టూ ఉన్నవాళ్ళతోనే కదా. మా హాల్లో ఆ బావగార్ల మధ్య పెరిగినవాడు మామూలుగా మాట్లాడినా "నేను తక్కువే మాట్లాడతాను" అంటాడు. నోరు విప్పని వీధిలో పెరిగినవాడు అదే నాలుగు మాటలకి "నేను వసపిట్టని" అంటాడు. స్టీవెన్ హైన్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు 2002లో ఈ విషయాన్నే గట్టిగా చెప్పారు, ఒక్కో సమాజం వాళ్ళు ఒక్కో కొలకర్రతో తమని తాము కొలుచుకుంటారు కాబట్టి ఇలాంటి సగటులని దేశాల మధ్య పక్కపక్కన పెట్టడం ప్రమాదం అని.

మరి జనం నోట్లో ఉండే ముద్రలో? గోదావరి వాళ్ళు మాటకారులు, మన సిక్కోలోళ్ళు నోట్లో నాలుక లేనోళ్ళు, ఇలా మనం పుట్టినప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. 2005లో సైన్స్ పత్రికలో 49 సమాజాల మీద ఒక అధ్యయనం వచ్చింది. మీ దేశపు మామూలు మనిషి ఎలా ఉంటాడు అని ఒకవైపు అడిగారు, ఇంకోవైపు నిజంగా ఆ మనుషుల స్వభావాల కొలతల సగటు తీశారు. రెండూ కలవలేదు! తమ గురించి తాము చెప్పుకునే కథ వేరు, ఇంట్లో ఉన్న మనుషులు వేరు.

బొలీవియా అడవుల్లో త్సిమానే అనే జనం ఉన్నారు, వేట, చేపలు, కొద్దిపాటి సేద్యం వాళ్ళ బతుకు. మైకేల్ గర్వెన్ బృందం 632 మందిని అడిగి 2013లో ప్రచురించింది, మనుషుల స్వభావాన్ని ఐదు గుణాలుగా కొలిచే, యూనివర్సిటీల్లో పనిచేసే నమూనా అక్కడ సరిగ్గా నిలబడలేదు. ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ అనే గీత విడిగా తేలలేదు, బదులుగా రెండు పెద్ద గుణాలు తేలాయి, నలుగురితో మంచిగా మసలడం ఒకటి, పనిమంతుడుగా ఉండడం ఒకటి. ఇది చదివి నేను చాలాసేపు అలా ఉండిపోయాను. మా అమ్మది పొందూరు. అక్కడ పెళ్ళి సంబంధానికి వాకబు చేసేటప్పుడు పెద్దోళ్ళు అడిగేది ఈ రెండే కదా, "గుంటడు మంచోడేనా, పనీపాటా ఉన్నోడేనా" అని.

అలాగని నెమ్మదితనం అంతా ప్రశ్నాపత్రాల గారడీ అని నేను అనను. ఒంట్లో ఏదో నిజంగానే ఉంది. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ 4 నెలల పసిపిల్లలకి కొత్త గొంతులు వినిపించి, కళ్ళ ముందు రంగుబొమ్మలు ఆడించి, ముక్కు దగ్గర ఘాటు వాసన పెట్టి చూశాడు. ఐదుగురిలో ఒకరు కాళ్ళూ చేతులూ కొట్టుకుని గట్టిగా ఏడ్చారు, ఓ 40 శాతం మంది హాయిగా చూస్తూ ఉన్నారు. తర్వాత ఏళ్ళలో ఆ ఏడ్చిన పిల్లల్లోనే ఎక్కువమంది కొత్తవాళ్ళ దగ్గర బెదిరే నెమ్మదస్తులయ్యారు. అందరూ అవ్వలేదు, అదీ చెప్పాలి. మామూలుగా మనం గోల చేసే బిడ్డ వాగుడుకాయ అవుతాడు అనుకుంటాం కదా, ఇక్కడ దానికి ఎదురుగా ఉంది, ఆ చిన్న బుర్రకి లోకం చప్పుడు ఎక్కువగా తగులుతుందన్నమాట. కవల పిల్లల మీద చేసిన పరిశోధనలు కూడా ఇంట్రోవర్షన్ తేడాల్లో సుమారు సగం వారసత్వానికి చెందుతాయనే చెప్తున్నాయి. వస కొమ్ము సానరాయి మీద అరగదీసి నాలిక్కి రాసినంత మాత్రాన అది మారేది కాదు.

హాన్స్ ఐసెంక్ అనే సైకాలజిస్టు సిద్ధాంతం ఆధారంగా 1960ల్లో వచ్చిన నిమ్మరసం ప్రయోగం మేము ఇంట్లోనే చేసి చూశాం. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లకి నడుమ దారం కట్టి సమానంగా వేలాడేలా చూసుకోవాలి. ఒక కొస నాలిక మీద 20 సెకన్లు ఉంచాలి, తర్వాత నాలిక మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసుకుని రెండో కొస అంతే సేపు ఉంచాలి, ఇప్పుడు దారం పట్టుకుంటే పుల్ల ఎటు వాలుతుందో చూడాలి. మా మేనకోడలి పుల్ల నిమ్మరసం వైపు బాగా వాలింది, మా చెల్లిది కొంచెమే కదిలింది. ఇంట్రోవర్ట్‌లకి లాలాజలం ఎక్కువ ఊరుతుంది, వాళ్ళ నాడులు ముందే మేలుకుని ఉంటాయి అనేది వాదన. ఇద్దరితో చేసి ఏమీ తేల్చలేం, చేసిన ప్రతిచోటా ఒకేలా రాలేదు కూడా, కానీ పిల్లలకి చూపించడానికి చాలా బావుంటుంది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది షాంఘై పిల్లల కథ. షిన్‌యిన్ చెన్ అనే ఆయన, తోటి పరిశోధకులు, అక్కడి ప్రైమరీ స్కూలు పిల్లల్ని 1990లో, 1998లో, 2002లో విడివిడిగా చూశారు. 1990లో సిగ్గరి పిల్లల్ని తోటిపిల్లలు ఇష్టపడ్డారు, టీచర్లు మెచ్చుకున్నారు, క్లాసు బాధ్యతలూ ఇచ్చారు. 1998 వచ్చేసరికి అటూ ఇటూగా అయింది. 2002లో అలాంటి పిల్లల్నే తోటివాళ్ళు దూరం పెట్టారు, టీచర్లు తక్కువ చూశారు, పిల్లల్లో దిగులు కనబడింది. పన్నెండేళ్ళలో మనుషుల జన్యువులు మారిపోవు. ఊరు మారింది. పోటీ పెరిగింది, ముందుకొచ్చి మాట్లాడేవాడికే విలువ అని స్కూళ్ళూ ఇళ్ళూ అనుకోవడం మొదలెట్టాయి.

అది చదువుతుంటే నాకు మన స్కూళ్ళే కనబడ్డాయి. నేను చదువుకున్న రోజుల్లో వెనక బెంచీలో నోరు మెదపకుండా లెక్కలు చేసుకునేవాణ్ణి మాస్టారు "బుద్ధిమంతుడు" అనేవారు, వాడి నోట్సే క్లాసంతా తిరిగేది. ఇవాళ అదే పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు మీద "యాక్టివ్‌గా ఉండడు" అని రాస్తున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు, అంతేగానీ నోరు పెద్దదవ్వాలని అనలేదు. ఇంట్రోవర్షన్ వేరు, సిగ్గు వేరు కూడా, ఒకరు జనంలో ఎక్కువసేపు ఉంటే అలసిపోతారు, ఇంకొకరు జనం ఏమనుకుంటారో అని భయపడతారు, రెండూ ఒకే మనిషిలో ఉండచ్చు, ఉండకపోవచ్చు. ఐదు నిమిషాల గ్రూప్ డిస్కషన్‌లో ఆ తేడా ఎవరికి కనబడుతుంది, నాకు తెలిసి ఎవరికీ కాదు.

ఆ సిరిమాను రోజు సాయంత్రం సంగతి చెప్పాలి. సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, రెండోసారి వెళ్తుండగా మంచినీళ్ళకని నేను ఇంట్లోకి వచ్చాను. వెనక గదిలో లైటు వెలుగుతోంది. చేటలో బియ్యం పోసుకుని అమ్మ రాళ్ళు ఏరుతోంది, పక్కన మేనకోడలు ఏరుతోంది, ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోవట్లేదు. రేపటికి సరిపడా బియ్యం పొద్దున్నే ఏరేసి పెట్టారు, నేను చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో ఏ శుభకార్యమైనా ఓ రెండు గంటలు కాగానే "బియ్యం చూసొస్తాను" అని అమ్మ వెనక గదిలోకి వెళ్ళడం నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పొందూరులో పెళ్ళికి ముందు వాలుగ చేప దవడతో పత్తి ఏకుతూ, రాట్నం ముందు గంటలు గంటలు కూర్చున్న మనిషి.

గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, "ఏటి సూస్తన్నావు, ఎల్లు, అమ్మోరొచ్చే యేళైంది" అంది. మేనకోడలు తలెత్తలేదు, వడ్లగింజ ఒకటి ఏరి పక్కన పెట్టింది.