జాజ్ గిటార్: అపోహలు - వాస్తవాలు

అపోహ: జాజ్ అంటే చేతికొచ్చింది వాయించడమే.

చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది. కానీ లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. పాత పాటలు చాలావాటికి 32 బార్ల (తాళాన్ని కొలిచే సమాన భాగాలు) చట్రం ఉంటుంది. ఎవరు సోలో (ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగం) వాయించినా అవే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) తిరిగి తిరిగి వస్తాయి. ఎక్కడున్నామో మర్చిపోతే అంతే సంగతులు.

అపోహ: సోలో అదరగొడితే చాలు, అవకాశాలు వాటంతటవే వస్తాయి.

మా గిటారిస్టుల్ని మళ్లీ పిలిచేది ఎక్కువగా సోలో చూసి కాదు, కంపింగ్ చూసి. అంటే పక్కవాళ్లు వాయిస్తుంటే వెనక కార్డ్‌లు అందించడం. గిటారిస్టు ఫ్రెడీ గ్రీన్ 1937లో కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో చేరి, 1987లో చనిపోయేదాకా అందులోనే ఉన్నాడు. సోలోలు దాదాపు లేనట్టే.

నా దగ్గరికొచ్చే కొత్త విద్యార్థులు జీ సెవెన్త్ అనే కార్డ్ అడగ్గానే ఆరు తీగలూ మోగిస్తారు. రెండే ఉంచమంటాను: నాలుగో తీగ మూడో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది గడి) ఎఫ్ స్వరం, మూడో తీగ నాలుగో ఫ్రెట్‌లో బి స్వరం. కింది జీ సంగతి బేస్ వాయించే మనిషి చూసుకుంటాడు. ఇప్పుడు ఎఫ్ మీది వేలు ఒక్క ఫ్రెట్ వెనక్కి జరిపితే సీ మేజర్ సెవెన్త్ అనే ఇంకో కార్డ్ వచ్చేస్తుంది. బి కదలక్కర్లేదు. ఇది విన్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి!

అపోహ: అంత పెద్ద జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీకే నొటేషన్ (సంగీతాన్ని కాగితం మీద రాసే పద్ధతి) రాదు, మనకెందుకు?

ఆయనకు రాదన్నది నిజమే. అంతకుముందు తరం గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ సోలోలు రికార్డుల్లో విని నేర్చుకున్నాడు. అంత చెవి ఉంటే సరే. లేదంటే, బిగ్ బ్యాండ్‌లో (పెద్ద జాజ్ బృందం) ఎదురుగా కాగితం పెట్టినప్పుడు చెమటలు పడతాయి. నాకు పట్టాయి.

అపోహ: వేళ్లు పొడుగ్గా ఉండాలి.

1928 అగ్నిప్రమాదంలో గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్లతోనే సోలోలు వాయించాడు.

అపోహ: వాయించడం చేతకానివాళ్లే పాఠాలు చెబుతారు.

దీనికి మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. గిటారిస్టు మిక్ గుడ్రిక్ గ్యారీ బర్టన్ జాజ్ బ్యాండ్‌లో వాయించాడు, బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో ఏళ్ల తరబడి నేర్పాడు. మరో గిటారిస్టు పాట్ మెథీనీ ఇరవై నిండకముందే అక్కడ పాఠాలు చెప్పాడు. గిగ్‌లు (డబ్బిచ్చే కచేరీలు) ఒక నెల ఉంటాయి, ఒక నెల ఉండవు. అద్దె మాత్రం ప్రతి నెలా ఉంటుంది కాబట్టి పాఠాలు చెప్పక తప్పదు, నిజమే. కానీ లాభం డబ్బొక్కటే కాదు. ఒకసారి ఒక విద్యార్థి నా సోలో ఆపించి, "ఇక్కడ ఈ నోటే ఎందుకు సార్?" అన్నాడు. జవాబు దొరకలేదు. ఆ రాత్రి నా పాత రికార్డింగులు వేసుకుని విన్నాను. ఏ పాటైనా సరే, వాడు ఆపిన చోట ఉన్న కార్డ్ వచ్చిన ప్రతిసారీ అదే నోటు.